చావి ఇవ్వని గడియారాలు

మానుకోట స్టేషన్ రోడ్డులో గడియారాలు బాగుచేసే తాత పోయిన వారం చనిపోయాడు. జనగామలో కూతురి ఇంట్లో పొద్దున చాయ్ తాగి, కాసేపు మంచం మీద ఒరిగి, మళ్లీ లేవలేదు. నేను ఇది ఇప్పుడే రాయాలి. ఆయన దుకాణం నడిపిన మడిగెను ఓనరు ఖాళీ చేయిస్తున్నాడు. ఆ మడిగె గోడకు మీ గడియారాలు వేలాడుతున్నాయి. చూసినవాళ్లంతా అవి చెడిపోయాయనే అనుకుంటున్నారు. చెడిపోలేదు. ఆ సంగతి బాగా తెలిసిన తాత పోయాడు. ఆయన నోట విన్నవాళ్లం నేనూ, మా బాపూ, అంటే మా నాన్నా ఉన్నాం. బాపు రాయలేడు కాబట్టి నేను రాస్తున్నాను.

మాది నెల్లికుదురు దగ్గర తండా. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు భూపాలపల్లిలో ఒక దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇది రాస్తున్నప్పుడు నా ఎడమ చేతికి ఉన్నది తాత దుకాణంలో బాపు కొన్న పాత గడియారమే. సెల్లు వేసేది కాదు, రోజూ చావి తిప్పేది.

పది పాసై మానుకోట కాలేజీలో చేరినప్పుడు కొన్నాడు దాన్ని. తండా నుంచి రోడ్డు దాకా నడిచి పొద్దున బస్సు అందుకోవాలి. అది తప్పితే ఆ రోజు కాలేజీ లేనట్టే. అప్పటిదాకా మా ఇంట్లో టైము అంటే ఎండ గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడమే. వానాకాలం మబ్బు పడితే అదీ లేదు. అందుకని బాపు నన్ను వెంటబెట్టుకుని తాత దుకాణానికి వచ్చాడు.

ఇరుకు మడిగె. ముందు అద్దాల బల్ల, దాని వెనక తాత, తాత కుడి కంటికి నల్లటి భూతద్దం. గోడకు నిలువునా మేకులు, మేకుకో గడియారం. అన్ని గడియారాలున్నా దుకాణంలో చడీచప్పుడు లేదు. గడియారాల కొట్టంటే టిక్కుటిక్కుమని మోగిపోతుందనుకున్న నాకు అది వింతగా అనిపించింది.

"ఏంది తాతా, అన్ని ఆగిపోయినయి?" అని అడిగాను.

"ఆగిపోలె బిడ్డా. పండుకున్నయి," అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. దానికి మా బాపు చేసిన ఒక పని కారణం.

గడియారం అమ్మినప్పుడు తాత బాపుకు రెండు జాగ్రత్తలు చెప్పాడు. రోజూ పొద్దున ఒకే వేళకు చావి తిప్పాలి. నాలుగైదేళ్లకోసారి విప్పించి నూనె పెట్టించాలి. బాపు రెండింటికీ తల ఊపాడు. నేను ఇంటరు రెండో సంవత్సరంలో ఉండగా గడియారం మెల్లగా నడవడం మొదలుపెట్టింది. నా బస్సు వరసగా తప్పుతోంది. పరీక్షలు దగ్గరికొచ్చాయి. బాపుకు తాత చెప్పిన నూనె మాట గుర్తొచ్చింది. ఒక మధ్యాహ్నం నేను కాలేజీలో ఉండగా కత్తిమొనతో గడియారం వెనక మూత లేపి, సీసాలో నుంచి ఆముదం ధారగా పోసి, మూత మళ్లీ నొక్కిపెట్టాడు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ముల్లు కదలడం లేదు. బాపు వాకిట్లో కూర్చుని గడియారాన్ని చెవికి ఆనించుకుని వింటున్నాడు. మా యాడి, అంటే మా అమ్మ, పొయ్యి దగ్గర నుంచి మా భాషలో ఆయన్ను దులిపేస్తోంది. "ఆముదం తాపుతందుకు మూడో ఎద్దనుకున్నవా దాన్ని?" అంటోంది.

మర్నాడు ముగ్గురం తాత దుకాణానికి వెళ్లాం. తాత మూత తీశాడు. వాసన చూశాడు. భూతద్దం నుదుటి మీదికి నెట్టి మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

"ఎవలే గిది చేసింది? సంటిపోరని నెత్తి మాడకు అంటినట్టు ఇంత ఆముదం అంటిండ్రు?"

బాపు తల దించుకున్నాడు. "నేనే కాకా. నువ్వే అంటివి గదా, నూనె పెట్టాలె అని. బండి ఇరుసుకు మేం గదే పోస్తం."

తాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఎగతాళి నవ్వు కాదది, బాపుకు కూడా నవ్వొచ్చింది. తర్వాత తాత బల్ల మీదికి వంగి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"ఇరుసుకు ఎన్నిదినాలకోసారి పోస్తవు నాయక్?"

"దినాలేమున్నయి కాకా. కీసుమంటే పోస్త."

"ఆఁ. గక్కడుంది తంటా. బండి కీసుమంటది, నీకు చెప్తది. గడి కీసుమనది. నూనె ఎండినా నడుస్తనే ఉంటది. మంచిగనే ఉందనుకుంటవ్. లోపల సప్పుడు జెయ్యకుండ అరుగుతది. అందుకే అది అడగకముందే మనం విప్పాలె."

గడియారాన్ని ఆయన "గడి" అనేవాడు. ఆ రోజు దాన్ని మా ముందే విప్పాడు. ఒక్కో చక్రాన్నీ చిమ్టాతో తీసి, పెట్రోలు పోసిన చిన్న గిన్నెలో వేసి, మెత్తటి కుంచెతో కడిగాడు. మధ్యలో గూడ్సు బండి వచ్చింది. పట్టాలు దగ్గరే కాబట్టి బండి పోతుంటే బల్ల అదిరేది. తాత చిమ్టాను గాల్లో అలాగే ఆపి, ఊపిరి కూడా బిగబట్టినట్టు కూర్చున్నాడు. మాట్లాడుతున్న బాపు కూడా ఎవరూ చెప్పకుండానే ఆగిపోయాడు. ఆఖరి డబ్బా పోయాక తాత చెయ్యి కదిలింది. తర్వాత నేను చాలాసార్లు చూశాను, ఆ దుకాణంలో ఎంత కోపంగా వచ్చినవాళ్లయినా గూడ్సు బండికి మాట ఆపేవాళ్లు.

మూత లోపలివైపు నాకు చూపించాడు. భూతద్దం పెట్టి చూస్తే సూదితో గీసిన చిన్నచిన్న గీతలు, అంకెలు.

"చదువుకున్నదానివి గదా, చదువు."

"ఏదో సంవత్సరం తాతా. పక్కన కొడవలి లెక్క గీత."

"నాకంటే ముందు దీన్ని విప్పినోడిది. ఎవడో నాకు తెల్వదు, వరంగలోడో, బెజవాడోడో. ఎప్పుడు విప్పిండో నాకు చెప్పి పోయిండు. నేను నా అటెనుకోనికి చెప్పాలె." అని తన గుర్తు, ఒక చిన్న చుక్క, దాని పక్కన సంవత్సరం గీశాడు.

నూనె పెట్టడం చూసి బాపు నోరు తెరిచాడు. సూదిమొన మీద నిలిచేంత నూనె. అదీ అన్ని చక్రాలకూ కాదు. "గింతనా?" అన్నాడు. "గింతనే. ఎక్కువైతే పక్కకు పారుతది, దుమ్మును పట్టుకొస్తది," అన్నాడు తాత.

నాలుగు రోజులు దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. ఒక రోజు బోర్లా, ఒక రోజు వెల్లకిలా, ఒక రోజు నిలబెట్టి, ఎటు తిప్పినా సరిగ్గా నడుస్తుందో లేదో చూశాడట. మేం తీసుకోవడానికి వెళ్లేసరికి గడియారం ఆగి ఉంది. 

"బాగు కాలేదా తాతా?"

"అయింది. చావి దిగిపోనిచ్చిన." బల్ల మీద మడిచిపెట్టిన పాత ధోవతి గుడ్డ ముక్కను బాపు ముందుకు జరిపాడు. "వేళ్లు తుడుసుకో. పొడిగ. నువ్వే తిప్పు."

అది ఆయన పద్ధతి. బాగుచేసిన గడియారానికి ఆయన తన చేత్తో చావి తిప్పి ఇచ్చేవాడు కాదు. పరీక్ష కోసం ఇచ్చిన చావి పూర్తిగా దిగిపోయాకే మేకుకు తగిలించేవాడు. మళ్లీ మొదటి చావి గడియారం ఎవరిదో వాళ్లే తిప్పాలి. ఎందుకని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పేవాడు. "స్ప్రింగుకు రికాం, జర ఆరాం దొరుకుతది" అని ఒకరితో, "నా చేతికి మరిగితే మీ మాట ఇనది" అని ఇంకొకరితో అనేవాడు. మా బాపుతో మాత్రం, "నీ వేళ్లకు ఎంత బిర్రు అన్నది నీకు తెల్వాలె నాయక్. మళ్ల నేను నీ ఇంటికి రాను గదా," అన్నాడు.

బాపు వేళ్లు మోకు పట్టిన వేళ్లు. ఆ చిన్న చావి వాటికి దొరకలేదు. రెండుసార్లు జారింది. "మెల్లగ. ఎద్దు పలుపు గుంజుతున్నవా? బిర్రుగ తాకంగనే ఆపు," అంటూ తాత చేతులు కట్టుకుని కూర్చున్నాడే గానీ సాయం పట్టలేదు. మూడోసారి తిరిగింది. బాపు గడియారాన్ని చెవికి ఆనించుకున్నాడు. ఆయన ముఖం అలా వెలిగిపోవడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో తెల్లవారితే మొదటి పని పొయ్యి ముట్టించడం కాదు. బాపు వేళ్లు తుడుచుకుని చావి తిప్పడం. నా బస్సు ఆ తర్వాత గడియారం వల్ల తప్పలేదు. పరీక్షలు రాశాను. పాసయ్యాను. నర్సింగు చదవడానికి జనగామ వెళ్లే రోజు బాపు గడియారాన్ని నా చేతికి కట్టి, "బిర్రుగ తాకంగనే ఆపు," అన్నాడు. 

సెలవులకు ఇంటికి పోతూ మానుకోటలో దిగినప్పుడల్లా తాత దుకాణం దగ్గర ఆగేదాన్ని. ఆయన అందరికీ మంచివాడేం కాదు. గురువారం ఇస్తానంటే వచ్చే గురువారం అనుకోవాలి. ఒకసారి కొత్తగూడ నుంచి వచ్చిన ఒకాయన కోపంతో బల్ల మీద చెయ్యి వేసి, "గడియారాలు జేస్తవు గని, టైముకు ఒక్కటన్న ఇచ్చినవా నువ్వు?" అన్నాడు. తాత తల ఎత్తకుండానే, "టైమిచ్చేటోడు పైన ఉన్నడు. నేను గడి ఇస్త. కూసో," అన్నాడు. ఆయన కూర్చున్నాడు, చాయ్ తాగాడు, గడియారం లేకుండానే వెళ్లాడు. తాత తన చేతికి మాత్రం ఎప్పుడూ గడియారం పెట్టుకోలేదు. టైము అడిగితే రైలు పేరు చెప్పేవాడు.

ఎవరి గడియారం ఎవరిదో రాసిపెట్టుకునే అలవాటు కూడా లేదు. మేకులే ఆయన గుర్తు. ఎడమ వరస నెల్లికుదురు బస్సు వచ్చే దారి, మధ్య వరస కొత్తగూడ దారి, కుడి వరస రైలు దిగి వచ్చేవాళ్లది. ముఖం చూస్తే చాలు, చెయ్యి సరైన మేకు మీదికి పోయేది.

గడియారం తెచ్చిన ప్రతివాళ్లూ ఒకే ప్రశ్న అడిగేవాళ్లు, ఎన్నేళ్లకోసారి విప్పించాలని. తాత సమాధానం చెప్పేముందు, "నువ్వేం పని జేస్తవ్?" అని అడిగేవాడు. పంతులైతే ఐదేళ్లు. నాట్లు వేసేవాళ్లయితే నీళ్లు, బురద తగులుతాయి కాబట్టి మూడేళ్లు. బొగ్గుబావిలో పనిచేసేవాళ్లకు ఇంకా తక్కువ. నాకు భూపాలపల్లిలో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్లినప్పుడు సంతోషంగా స్వీటు డబ్బా ఆయన చేతిలో పెట్టాను. ఆయన డబ్బా పక్కన పెట్టి నా గడియారం వంక చూశాడు.

"భూపాలపల్లిల బొగ్గు దుమ్ము. దవాఖానల మాటిమాటికి చేతులు కడుగుతవు. నీకు ఐదేండ్లు పనికిరాదు బిడ్డా. మూడేండ్లకే రా." అప్పుడు డబ్బా తెరిచాడు.

అలాగే వెళ్లాను. పోయిన ఏడాది ఎండాకాలంలో గడియారం ఇచ్చి, మళ్లీ తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు తాత చెయ్యి కాస్త వణుకుతోంది. "చెయ్యి ఇటియ్ తాతా," అని నాడి పట్టుకుని, సెకన్ల ముల్లు చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ముందుగాల నీ గడి కరెక్టుందా చూస్కో. అటెనుక నా నాడి తప్పను," అన్నాడు.

"గడి నువ్వు చేసిందే గదా."

"గట్లయితే నాడే తప్పు," అని నవ్వాడు.

"నీకు సర్వీసింగు ఎప్పుడు తాతా? నువ్వే అంటివి, అడగకముందే విప్పాలె అని."

"నేను గడిని కాదు బిడ్డా, బండిని. కీసుమన్నప్పుడు చూద్దాం."

అయినా జనగామలో ఉన్న ఆయన కూతురు ఊరుకోలేదు. చలికాలంలో తన దగ్గరికి తీసుకుపోయింది, డాక్టరుకు చూపించింది, మందులు వేసింది. తాత వెళ్తూ వెళ్తూ షట్టరు దించి, నెలలో వస్తానని పక్క దుకాణాలకు చెప్పాడట. పోయిన వారం ఆ అక్కే నాకు ఫోను చేసి తాత పోయిన కబురు చెప్పింది. నేను ఇంటికి ఫోను చేసి చెప్పాను.  బాపు ఒక్కటే అడిగాడు.

"మరి గోడ మీది గడియారాలు ఎవలిస్తరు?"

మొన్న ఆదివారం మేం ముగ్గురం, అక్క, బాపు, నేను మానుకోటలో కలుసుకున్నాం. మడిగె ఓనరు కూడా వచ్చాడు. షట్టరు ఎత్తగానే పెట్రోలు వాసన ముఖానికి తగిలింది. బల్ల మీద భూతద్దం, దాని పక్కన గుడ్డ ముక్క. గోడకు వరసగా గడియారాలు. అన్నీ ఆగి ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో టైము దగ్గర.

ఓనరు గోడ మొత్తం ఒకసారి చూశాడు. చెడ్డవాడు కాదు, ఆయన తొందర ఆయనది. "ఏమున్నయమ్మా ఇండ్ల, అన్ని సచ్చిన గడియారాలే. ఒక్కటన్న టిక్కుమంటుందా? పాత సామాన్లోనికి ఏసేస్త. మీకూ తిప్పల తప్పుతది," అన్నాడు.

అక్క నా వైపు చూసింది. ఆమెకూ తెలియదు. చిన్నప్పటి నుంచీ జనగామలో మేనత్త ఇంట్లో పెరిగిన మనిషి. "మా బాపు బాగుచెయ్యలేకపోయినయే ఇవన్ని?" అని మెల్లగా అడిగింది. ఆ మాట అనడానికే ఆమె ఎంత బాధపడుతోందో గొంతులో వినిపించింది.

"కాదక్కా. అన్నీ బాగయినయే. బాగయినంక, చావి దిగిపోనిచ్చి గోడకు పెట్టేటోడు," అన్నాను.

"అయితే ఒకటి తిప్పి చూపియ్యి," అన్నాడు ఓనరు.

నా చెయ్యి ఒక మేకు దాకా వెళ్లి ఆగిపోయింది. తిప్పితే మాట నిలబడుతుంది. కానీ అది నాది కాదు. బాపు కూడా కదలలేదు. ఓనరు నవ్వబోతున్నాడు. అప్పుడు ఎదురుగా చాయ్ దుకాణం నడిపే అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ మడిగె ముందుకొచ్చి నిలబడింది. షట్టరు తెరిచింది చూసి వచ్చిందట. ఎడమ వరసలో ఒక గడియారాన్ని చూపించింది. తెల్ల డయలు, తోలు పట్టీ స్థానంలో అల్లిన నైలాన్ తాడు.

"గది మా ఆయనది. నూనె పెట్టియ్యమని ఇచ్చిండు. తీస్కుందామనే లోపల ఆయనే పాయె. పెద్దాయన ఎన్నిసార్లు పిలిచిండో. నాకే చెయ్యి రాలె. ఈడ్నే ఉంటే, ఎప్పటికన్న ఆయన వచ్చి తీస్కపోతడన్నట్టు ఉండె."

అక్క మేకు నుంచి గడియారం తీసి ఆమె చేతిలో పెట్టింది. నేను గుడ్డ ముక్క ఇచ్చాను.

"నాకు తిప్పుడు రాదు బిడ్డా. జిందగీల తిప్పలె."

"అస్తది అవ్వా," అన్నాడు బాపు. దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చేతులు మాత్రం కట్టుకున్నాడు. "మెల్లగ. అటు. మళ్ల. బిర్రుగ తాకంగనే ఆపు."

అవ్వ తిప్పుతుండగానే గూడ్సు బండి వచ్చింది. బల్ల అదిరింది, మేకులకున్న గడియారాలు చిన్నగా ఊగాయి. మేమంతా ఉన్నవాళ్లం ఉన్నట్టే నిలబడిపోయాం. ఓనరు కూడా ఆగాడు, ఎన్నేళ్లుగా అద్దెకిచ్చిన మడిగె కదా, ఆయనకూ ఆ అలవాటే. ఆఖరి డబ్బా దాటిపోయింది. చప్పుడు దూరమైంది. అప్పుడు వినిపించింది. అవ్వ చేతిలో టిక్కుటిక్కు, సన్నగా, ఆగకుండా.

 అక్క గోడ మీది గడియారాలను మళ్లీ మొదటి నుంచి చూసింది, ఈసారి ఒక్కొక్కదాన్నీ. ఓనరు గొంతు సవరించుకుని, "అచ్చే నెల పదిహేనో తారీకు దాంక ఆగుత. అటెనుక నన్నేమనొద్దు," అన్నాడు.

అందుకే ఈ మాట. నెల్లికుదురు దారిలో, కొత్తగూడ అడవి పల్లెల్లో, మహదేవపూర్ వైపు, భూపాలపల్లి బావుల దగ్గర, రైలు దారిలో జనగామ దాకా ఎక్కడున్నా, తాతకు గడియారం ఇచ్చినవాళ్లు ఉంటే గుర్తు చేసుకోండి. మీ నాయినదో, మీ అన్నదో కావచ్చు. అద్దం పసుపు మరకతో ఉన్నది ఒకటుంది. ఆడవాళ్ల చిన్న గడియారం, నల్లదారం కట్టింది ఒకటుంది. వెనక ఇంటిపేరులో మొదటి అక్షరం చెక్కించుకున్నది ఒకటుంది. అన్నీ నడుస్తాయి. కానీ ఎల్లకాలం మీ కోసం కాచుకుని ఉండవు. తాత అనేవాడు, "తిరిగినా తిరగకున్నా నూనె ఎండుడు ఆగది. దీపం ముట్టియ్యకున్నా ప్రమిదల నూనె చిక్కబడతది సూడు, గట్ల." వాటికి ఆయన పెట్టిన నూనె ఇప్పుడు ఆ గోడ మీదే చిక్కబడుతోంది. ఆయన మళ్లీ పెట్టలేడు.

వచ్చే నెల పదిహేనో తేదీలోగా రండి. ఆదివారాలు అక్క, మా బాపు దుకాణంలో ఉంటారు. రాలేనివాళ్లు మీ గడియారం ఎలా ఉంటుందో చెబుతూ ఈ పత్రిక చిరునామాకు ఆ తేదీలోగా నాలుగు ముక్కలు రాయండి. మీరు వచ్చేదాకా దాన్ని పాత సామాన్లకు పోనీయకుండా చూసుకుంటాం.

అవ్వ గడియారం ఉన్నచోట గోడ మీద ఒక తెల్లటి గుండ్రం మిగిలింది. చుట్టూ సున్నం మసిబారినా, గడియారం చాటున ఉన్నంత మేర మాత్రం కొత్తగా ఉంది. షట్టరు దించేటప్పుడు మా కళ్లన్నీ దాని మీదే ఉన్నాయి. గోడ నిండా అలాంటి గుండ్రాలే మిగలాలి. గుడ్డ ముక్కను బల్ల మీదే ఉంచాం. వేళ్లు తుడుచుకుని, చావి మీరే తిప్పండి.